స్విమ్మింగ్ పూల్ పంపు కారుతుంటే: లీకు ఎక్కడో పట్టుకోవడం నుంచి సీల్ మార్చడం దాకా

సెకనుకు ఒక చుక్క చొప్పున కారే పంపు రోజు మొత్తంలో పోగొట్టే నీళ్లు నాలుగైదు లీటర్లు. బకెట్‌లో సగం కూడా నిండదు. అందుకే తిరుపతి అపార్టుమెంట్లలో, హోటళ్లలో, చంద్రగిరి వైపు ఫామ్‌హౌసుల్లో పంపు కింద ఒక డబ్బా పెట్టి, నిండినప్పుడల్లా పారబోస్తూ నెలల తరబడి నెట్టుకొస్తుంటారు. నీళ్ల లెక్క చూసుకుంటే పెద్ద నష్టమేమీ లేదు, నిజమే. కానీ ఆ చుక్క పంపుకూ మోటారుకూ మధ్య నుంచి పడుతోందంటే, అది పడేది మోటారు ముందువైపు బేరింగ్ పక్కనే. క్లోరిన్ కలిసిన నీళ్లు బేరింగులోకి దిగితే గ్రీజు కొట్టుకుపోతుంది, తుప్పు పడుతుంది, మోటారు అరవడం మొదలెడుతుంది. నీళ్లు మోటారు వైపు రాకుండా ఆపే, కొన్ని వందల రూపాయల సీల్‌తో తీరాల్సిన పని బేరింగులకు, అక్కణ్ణుంచి వైండింగ్‌కు పాకి, చివరికి కొత్త మోటారు కొనే దాకా పోతుంది. పైగా తడి నేల, కరెంటు ఒకే గదిలో ఉంటాయి. కాబట్టి చుక్కే కదా అని వదిలేయకండి. అలాగని వెంటనే సీల్ కొనడానికీ పరుగెత్తకండి. ముందు అది ఎక్కణ్ణుంచి, ఎప్పుడు కారుతోందో చూడాలి.

మట్టం తగ్గుతోందా? అది వేరే లెక్క

"పూల్లో నీళ్లు తగ్గిపోతున్నాయి, పంపు దగ్గర తడి ఉంది" అని రెండూ కలిపి చెబుతుంటారు. ఈ రెంటినీ విడదీయాలి. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న పూల్ తీసుకోండి. దాని పైభాగం 50 చదరపు మీటర్లు. మట్టం ఒక్క మిల్లీమీటరు తగ్గితే 50 లీటర్లు పోయినట్టు, ఒక సెంటీమీటరు తగ్గితే 500 లీటర్లు. పంపు కింద చుక్కలు పడటం వల్ల ఇన్ని నీళ్లు పోవు. పంపు దగ్గర ధారగా కారకుండానే మట్టం రోజుకో సెంటీమీటరు పడిపోతోందంటే నీళ్లు ఇంకెక్కడో పోతున్నాయి.

మే నెలలో, గంగమ్మ జాతర నాటి ఎండల్లో ఆవిరికే చాలా నీళ్లు పోతాయి. అది తేల్చుకోవడానికి బకెట్ పరీక్ష చాలు. బకెట్‌లో పూల్ నీళ్లు పోసి, పూల్ మెట్టు మీద సగం మునిగేలా పెట్టండి. లోపలి నీళ్లు, బయటి పూల్ నీళ్లు ఒకే మట్టంలో ఉండేలా చూసి, బకెట్‌కు లోపల ఒక గీత, బయట ఒక గీత పెట్టండి. నీళ్లు నింపే పైపు కట్టేయండి, ఆ రోజు ఎవర్నీ ఈతకు దింపొద్దు. 24 గంటల తర్వాత రెండూ ఒకేలా తగ్గితే అది ఆవిరే. బయట గీత దగ్గర ఎక్కువ తగ్గితే లీకు ఉంది. ఇదే పరీక్షను ఒక రోజు మోటారు ఆడించి, ఒక రోజు ఆపి చేయండి. మోటారు ఆడిన రోజే ఎక్కువ తగ్గుతుంటే ముందు బ్యాక్‌వాష్ పైపు (ఫిల్టర్ కడిగిన మురికి నీళ్లు బయటికి పోయే పైపు) చివర ఎక్కడికి పోతుందో వెళ్లి చూడండి. ఫిల్టర్ మీద ఉండే, నీళ్లు ఏ దారిన పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వు లోపలి గాస్కెట్ పాడైతే, మామూలు ఫిల్టర్ స్థానంలో ఉన్నప్పుడు కూడా నీళ్లు సన్నగా డ్రైనేజీలోకి పోతూనే ఉంటాయి. పంపు గది పొడిగానే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

చెయ్యి పెట్టే ముందు

టైమర్ ఆపితే కరెంటు ఆగినట్టు కాదు. టైమర్ మీద నడిచే మోటారు మీరు లోపల చెయ్యి పెట్టినప్పుడే తిరగొచ్చు. బోర్డులో పంపు కరెంటు ఆపే ఎంసీబీ దించండి, "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని కాగితం అంటించండి, టెస్టర్‌తో చూసుకోండి. సింగిల్ ఫేజ్ మోటారు కెపాసిటర్‌లో కరెంటు ఆపిన తర్వాత కూడా చార్జి నిలిచి ఉంటుంది, ఆ మూత తీయాల్సి వస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పూల్ పంపుకు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కనెక్షన్ ఇచ్చిన పంపు గదులు ఉన్నాయి. అలాంటి చోట పిల్లల్ని పూల్లోకి దింపకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు లీకవుతోందని, మోటారులో తడి దిగి ఉండొచ్చని చెబుతోంది.

ఇక నీళ్ల సంగతి. పంపు పూల్ మట్టం కన్నా కింద, గుంటలోనో సెల్లార్‌లోనో ఉంటే, వాల్వులు కట్టకుండా పంపు మూత తీశారంటే పూల్ మొత్తం ఆ గదిలోకి వచ్చేస్తుంది. పంపులోకి నీళ్లు వచ్చే వైపున్న సక్షన్ వాల్వు, బయటికి పోయే వైపున్న డెలివరీ వాల్వు రెండూ కట్టండి. ఫిల్టర్ పైన గాలి వదిలే చిన్న వాల్వు తిప్పి, ఒత్తిడి చూపే గేజి ముల్లు సున్నాకు వచ్చాకే మూతలు విప్పండి.

పొడి గుడ్డ, దినపత్రిక

లీకు వెతకడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. పంపు, మోటారు, చుట్టూ ఉన్న పైపులు, కింద నేల అన్నీ పొడిగా తుడవండి. పంపు కింద కాగితాలు ముక్కలుగా పరవండి: ఆకులు, చెత్త పట్టే బుట్ట ఉండే భాగం కింద ఒకటి, మధ్యలో ఒకటి, మోటారు కింద ఒకటి. మోటారు వేసి పావుగంట కదలకుండా చూడండి. ఏ కాగితం ముందు తడిసిందో చూడండి. గంట తర్వాత వస్తే అన్నీ తడిసి ఉంటాయి, ఏమీ తెలియదు. నీళ్లు పుట్టిన చోటు ఒకటి, చుక్కగా పడే చోటు ఇంకొకటి కావచ్చు. పంపు బాడీ వంపు వెంబడి పాకి మోటారు కాలు దగ్గర పడే నీటిని చూసి మోటారే కారుతోందనుకుంటారు. టార్చి వేసి, తడి జాడను కింద నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లండి.

బోరు నీళ్లతో నింపిన పూల్ అయితే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పునీళ్లే. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొక్కే పంపు లీకయ్యే చోట కూడా కడుతుంది. అప్పుడు తడి లేకపోయినా, ఆ తెల్లటి గార ఎక్కడ మొదలైందో అక్కడ లీకు ఉన్నట్టే. సీల్ కారే పంపుల్లో ఈ గారకు తుప్పు రంగు కలిసి, మోటారు ముందు కాళ్ల మీద గోధుమ రంగు చారలు దిగి ఉంటాయి.

వానాకాలంలో పంపు ఒళ్లంతా సన్నటి తడి పట్టి ఉంటే అది లీకు కాకపోవచ్చు. చల్లటి నీళ్లున్న బాడీకి చెమ్మ గాలి తగిలి పట్టిన చెమట అది. తుడిస్తే అన్నివైపులా మళ్లీ ఒకేలా పడుతుంది.

ఆడేటప్పుడా, ఆపినప్పుడా?

ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ నాతో అన్న మాట ఇది: "ఆడేటప్పుడు చుక్క పడదునా, ఆపితేనే కారుతుంది." ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది.

పంపుకు ముందున్న భాగమంతా సక్షన్. మోటారు ఆడుతుంటే అక్కడ నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. అందుకే పారదర్శకమైన మూతలో బుడగలు తిరుగుతుంటాయి, పూల్లో నాజిల్స్ దగ్గర గాలి బుస్సుమంటుంది, ఫిల్టర్ గేజి ముల్లు ఊగుతుంది. మోటారు ఆపగానే, పంపు పూల్ మట్టం కన్నా కింద ఉంటే, అదే సందులోంచి నీళ్లు కారతాయి. పంపు పూల్ మట్టం కన్నా పైన ఉంటే కారడం కూడా కనబడకపోవచ్చు, నీళ్లు వెనక్కి దిగిపోయి పొద్దున్నే పంపు నీళ్లు లాగదు.

పంపు దాటిన తర్వాత అంతా ఒత్తిడే. అక్కడి లీకు మోటారు ఆడేటప్పుడు ఎక్కువవుతుంది, ఒక్కోసారి సన్నగా చిమ్ముతుంది కూడా. మోటారు, పంపు కలిసే చోట సీల్ పోతే మాత్రం ఆడుతున్నా ఆపినా కారొచ్చు.

సక్షన్‌లో గాలి ఎక్కడ పోతోందో వెతకడానికి గడ్డం గీసుకునే నురగ తెచ్చుకోండి. మోటారు ఆడుతుండగా మూత అంచు, యూనియన్లు (పైపులు విప్పుకునేలా కలిపే జాయింట్లు), వాల్వు కాడ చుట్టూ నురగ పూయండి. లీకున్న చోట నురగ లోపలికి లాక్కుని గుంట పడుతుంది. అగరొత్తి పొగ పెట్టి చూసేవాళ్లూ ఉన్నారు గానీ మోటారు వెనక ఫ్యాను గాలికి పొగ నిలవదు.

సులువుగా తేలిపోయే లీకులు

బుట్ట మూతకు ఉండే ఓ-రింగ్ ఇంట్లో కుక్కర్ గాస్కెట్ లాంటిదే. ఎండకు, క్లోరిన్‌కు గట్టిపడి, నలిగి, పగుళ్లిస్తుంది. తీసి రెండు వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు కనబడితే మార్చేయండి. బాగుంటే శుభ్రంగా కడిగి, అది కూర్చునే గాడిలో ఇసుక రేణువు, ఆకు ముక్క, వెంట్రుక లేకుండా తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెట్టండి. వాసెలిన్, బండి గ్రీజు వద్దు, పెట్రోలియం జిడ్డుకు రబ్బరు ఉబ్బి సాగిపోతుంది. మూత చేత్తోనే బిగించండి. స్పానర్‌తో, సుత్తితో బిగిస్తే మూత పగులుతుంది.

పంపు అడుగున నీళ్లు వదిలే రెండు చిన్న ప్లగ్గులు ఉంటాయి. వాటికీ చిన్న ఓ-రింగులుంటాయి, పంపు శుభ్రం చేసినప్పుడు అవి ఎక్కడో పడిపోతాయి, తర్వాత టేపు చుట్టి సరిపెడతారు. రింగు తెచ్చి వేయండి.

పైపు మరల దగ్గర కారుతుంటే, ముఖ్యంగా డెలివరీ వైపు, పంపు ఎప్పుడైనా నీళ్లు లేకుండా తిరిగిందేమో ఆరా తీయండి. అలా తిరిగితే లోపల మిగిలిన నీళ్లు సలసల కాగి, ఆ వేడికి పీవీసీ మర మెత్తబడి కుదించుకుపోతుంది. దానికి ఎంత టేపు చుట్టినా నిలవదు. ఆ అడాప్టర్ కోసి కొత్తది వేయాల్సిందే. కొత్త మరకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర మీ వైపు తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

బాడీలోనే వెంట్రుకంత పగులు కనబడితే ఎం-సీల్ పెట్టి ఆగుతుందని ఆశపడకండి. మోటారు అదురుకు, ఒత్తిడికి అది కొద్ది రోజుల్లో విడిపోతుంది. బాడీ మార్చాలి.

వాటర్ సీల్ అయితే

పంపు, మోటారు కలిసే ప్లేటు కింద నుంచి చుక్క పడుతోందంటే దాదాపు ఎప్పుడూ కారణం మెకానికల్ సీలే. మన మెకానిక్కులు వాటర్ సీల్ అంటారు. ఇందులో రెండు సగాలుంటాయి. ఒకటి తెల్లటి సిరామిక్ చక్రం, రబ్బరు కప్పులో కూర్చుని ప్లేటులో కదలకుండా ఉంటుంది. రెండోది స్ప్రింగు ఉన్న సగం, దాని ముఖానికి నల్లటి కార్బన్ రింగు ఉంటుంది. ఇది మోటారు ఇరుసుతో, అంటే షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది. స్ప్రింగు నెడుతుంటే కార్బన్ ముఖం సిరామిక్ ముఖానికి ఒరుసుకుంటూ తిరుగుతుంది, ఆ రెండు నున్నటి ముఖాల మధ్య సన్నటి నీటి పొరే వాటిని చల్లగా ఉంచుతుంది. నీళ్లు లేకుండా కొద్దిసేపు తిరిగినా ముఖాలు మాడతాయి, సిరామిక్ చిట్లుతుంది.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఏ ముక్క ఏ వైపు చూస్తోందో తర్వాత గుర్తుండదు.

ఎంసీబీ దించి, వాల్వులు కట్టి, కింది ప్లగ్గులు తీసి నీళ్లు వదిలాక, ప్లేటును పంపు బాడీకి బిగించిన బోల్టులు విప్పండి. పైపులతో ఉన్న బాడీ అక్కడే ఉంటుంది, మోటారు, ప్లేటు, ఇంపెల్లర్ (నీళ్లు నెట్టే రెక్కల చక్రం) కలిసి వెనక్కి వస్తాయి. వైరు లాగకుండా జరపండి. వైర్లు విప్పాల్సి వస్తే గుర్తులు పెట్టుకోండి. త్రీ ఫేజ్ మోటారుకు రెండు ఫేజులు తారుమారైతే ఎదురు తిరుగుతుంది, మర మీద ఉన్న ఇంపెల్లర్ ఊడిపోతుంది.

ఇంపెల్లర్ మీద కప్పులా డిఫ్యూజర్ ఉంటే తీయండి. ఇంపెల్లర్ మధ్యలో చిన్న స్క్రూ ఉంటే అది ఎక్కువగా ఎడమ మర, మామూలుగా బిగించే దిశలో తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక బలం పెట్టి తల విరగ్గొట్టేస్తారు. తర్వాత మోటారు వెనక మూత తీసి, షాఫ్ట్ చివర కోసిన గాడిలో స్క్రూడ్రైవరో, చదును భాగానికి స్పానరో పెట్టి పట్టుకుని, ఇంపెల్లర్‌ను మీకు ఎదురుగా చూస్తూ ఎడమకు తిప్పండి. కొన్ని మోటార్లలో ఇంపెల్లర్ కీ మీద కూర్చుని ముందు నట్టుతో బిగించి ఉంటుంది, దానికి పుల్లర్ కావాలి. ప్లాస్టిక్ ఇంపెల్లర్ రెక్కలను పట్టుకుని మెలిపెట్టొద్దు.

పాత సీల్ రెండు సగాలూ తీసి దాచుకోండి. కొత్తది కొనేటప్పుడు పంపు మోడల్ నంబరుతో పాటు ఈ పాతదాన్నీ తీసుకెళ్లాలి. షాఫ్ట్ మందం, సిరామిక్ బయటి కొలత, స్ప్రింగు ఎత్తు మూడూ కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉన్న సీల్ ఒక మిల్లీమీటరు తేడాతో ఉన్నా నిలవదు. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే పూల్ అయితే విటాన్ రబ్బరు, సిలికాన్ కార్బైడ్ ముఖం ఉన్నది అడగండి. ఇక్కడ దొరక్కపోతే చెన్నై నుంచి పార్సిల్ తెప్పించుకోవచ్చు, రేణిగుంట రోడ్డులోనో మరోచోటో "సరిపోతుంది సార్" అని అంటగట్టేది మాత్రం తీసుకోవద్దు.

ఇప్పుడు షాఫ్ట్ చూడండి. సీల్ కూర్చునే చోట వేలుతో తడిమితే గాడి తగిలిందా, తుప్పు పొలుసులున్నాయా? సన్నటి తుప్పు అయితే నీళ్ల పేపరుతో రుద్దితే పోతుంది. గాడి లోతుగా ఉంటే లేత్ షాపుకు పంపక తప్పదు. లేదంటే కొత్త సీల్ కూడా వారం తిరక్కుండా కారుతుంది. షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి, పైకీ కిందికీ ఊపండి. గరగరమంటే, ఊగితే, బేరింగులు పోయాయి. మోటారు ఇప్పటికే విప్పి ఉంది కాబట్టి ఇప్పుడే మార్పించండి. ఊగే షాఫ్ట్ మీద ఏ సీలూ నిలవదు.

బిగింపు దగ్గర తొందర పనికిరాదు. చేతులు సబ్బుతో కడుక్కుని ఆరబెట్టుకోండి. ప్లేటులో సిరామిక్ కూర్చునే గుంటను పాత జిగురు, గార లేకుండా గీకి తుడవండి. రబ్బరు కప్పుకు సబ్బు నీళ్లు రాసి, సిరామిక్ నున్నటి ముఖం ఇంపెల్లర్ వైపు చూసేలా పెట్టి, దాని మీద శుభ్రమైన గుడ్డ వేసి, సరిపడే పీవీసీ పైపు ముక్కతో నాలుగువైపులా సమానంగా నొక్కండి. సుత్తి వాడకండి. వంకరగా కూర్చుంటే ఒక వైపు వెలుతురులో సందు కనబడుతుంది, తీసి మళ్లీ పెట్టండి. ఆ నున్నటి ముఖాల మీద వేలి ముద్ర పడినా నష్టమే. పడితే మెత్తటి గుడ్డకు స్పిరిట్ అద్ది తుడవండి. గ్రీజు, సిలికాన్ పేస్టు వాటి మీద అసలు తగలకూడదు. స్ప్రింగు సగాన్ని కార్బన్ ముఖం సిరామిక్ వైపు ఉండేలా ఎక్కించి, ఇంపెల్లర్ బిగించి, స్క్రూ పెట్టి, షాఫ్ట్ చేత్తో తిప్పి చూడండి. స్ప్రింగు బిగువు కొద్దిగా చేతికి తగులుతుంది, ఎక్కడా పట్టేయకూడదు.

ప్లేటుకూ బాడీకీ మధ్య ఉండే పెద్ద ఓ-రింగ్‌ను కూడా కొత్తదే వేయండి. బోల్టులు ఒకదాని తర్వాత పక్కదాన్ని బిగించకుండా, ఎదురెదురువి జతలుగా కొంచెం కొంచెం బిగించండి.

మళ్లీ ఆడించడం

బుట్ట నిండా నీళ్లు పోయకుండా మోటారు వేయకండి. కొత్త సీల్ మొదటి నిమిషంలోనే మాడిపోయేది ఇక్కడే. నీళ్లు పోసి, మూత పెట్టి, వాల్వులు తెరిచి, ఫిల్టర్ గాలి వాల్వు తెరిచి ఉంచి స్విచ్ వేయండి. కొద్ది నిమిషాల్లో బుట్ట నిండి గాలి పోయి నీళ్లు రావాలి. రాకపోతే ఆపి మళ్లీ నీళ్లు పోయండి. కింద పొడి కాగితం పరిచి గంట ఆడించి, ఆపి మరో గంట చూడండి. మొదట్లో ఒకటి రెండు చుక్కలు పడి ఆగిపోతే ముఖాలు సర్దుకున్నాయని అర్థం. ఆగకపోతే సిరామిక్ వంకరగా కూర్చుందేమో విప్పి చూడాలి.

మోటారులోకి నీళ్లు పోయాయని అనుమానం ఉంటే స్విచ్ వేసి పరీక్షించొద్దు. ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆరబెట్టాక, మళ్లీ కొలిచాకే కరెంటు ఇవ్వాలి.

సీల్ అంత త్వరగా ఎందుకు పోయింది?

మంచి సీల్ కొన్నేళ్లు రావాలి. ఏడాది లోపే రెండోసారి పోయిందంటే కారణం ఇంకెక్కడో ఉంది. మే నెలలో మట్టం స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీళ్లు లాగే నోరు) కిందికి పడిపోయి పంపు గాలి లాగుతుండటం అందులో మొదటిది. కరెంటు పోయి వచ్చినప్పుడు, నాన్ రిటర్న్ వాల్వు లేని పైపులో నీళ్లు వెనక్కి దిగిపోయి, టైమర్ మీద మోటారు ఖాళీగా తిరగడం ఇంకొకటి. క్లోరిన్ బిళ్లలను నేరుగా పంపు బుట్టలో వేసే అలవాటు మరీ ప్రమాదం. మోటారు ఆపినప్పుడు ఆ నీళ్లు ఘాటైన ఆమ్లంలా తయారై రబ్బరును, స్ప్రింగును, ఇంపెల్లర్‌ను తినేస్తాయి. పంపు గదిలోనే యాసిడ్ క్యాన్లు, క్లోరిన్ డబ్బాలు పెట్టడం కూడా మానండి. ఆ ఆవిరికి షాఫ్ట్ తుప్పు పడుతుంది. ఆ రెండూ కలిస్తే వచ్చే విషవాయువు మనిషి ప్రాణం తీస్తుంది. బోరు నీళ్ల గార కట్టే పూల్ అయితే పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచండి, అది 8 దాటితే సున్నం సీల్ ముఖాల మీద కూడా కడుతుంది.

తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2021 నవంబరులో వీధులే ఏరులయ్యాయి. నేల కన్నా కింద ఉన్న పంపు గుంటలు అలాంటప్పుడు నిండిపోతాయి, అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా మోటారు మునుగుతుంది. గుంట అడుగున చిన్న కుంట తీసి దానంతట అదే పనిచేసే సంప్ పంపు పెట్టించండి, మోటారును ఒక అడుగు ఎత్తు సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించండి, స్విచ్ బోర్డు గుంట బయట గోడకు మార్పించండి. సీల్ మార్చడానికి మోటారు ఎలాగూ విప్పారు కాబట్టి, దిమ్మె కట్టించే పని అప్పుడే పెట్టుకుంటే మళ్లీ విప్పే అవసరం ఉండదు.